సంఘము పేర పడిన ఓటు

2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన, విజయదశమినాడు, తెలంగాణమున క్రొత్త జిల్లాలు వెలసినపుడు సిద్దిపేట జిల్లాకేంద్రమయ్యెను. అంతవరకు మెదకు జిల్లాలో నుండిన సిద్దిపేట, గజ్వేలు, దుబ్బాక ప్రాంతములును, కరీంనగరు జిల్లాలోని హుస్నాబాదు, కోహెడ, బెజ్జంకి మండలములును, వరంగల్లు జిల్లాలోని చేర్యాల, మద్దూరు మండలములును ఒక్క కలెక్టరు కచేరీ క్రిందికి వచ్చినవి. పాలనాసౌలభ్యమునకై గీసిన యీ గీతలోపల, గీసినవారు ఉద్దేశింపకయే, మరియొకటియు కలిసివచ్చినది. మూడు జిల్లాల చరిత్రలలో విడివిడిగా పడియున్న ఎఱ్ఱజెండా కథలోని మూడు భిన్నాధ్యాయములు ఒక్కచోట చేరినవి. వానిని వరుసగా పెట్టి చదివినచో, ఈ సీమలో ఎన్నికల కాలమున పదేపదే తలయెత్తు నొక ప్రశ్నకు సమాధానము దొరకునని నా విశ్వాసము.

ఆ ప్రశ్న యిది: వామపక్ష నాయకుడు ఓటర్లను ఏల చీల్చును? తక్కిన పార్టీల నాయకులను గూర్చి ఓటర్లు మాట్లాడుకొనునపుడు మాట యెక్కువగా వర్తమానమునందే తిరుగును: రోడ్డు వేయించెనా, పింఛను ఇప్పించెనా, పిలిచిన పలుకునా, ఏ కులమువాడు, ఎంత ఖర్చు పెట్టగలడు. కమ్యూనిస్టు నాయకుని పేరు వచ్చినంతనే మాట వెనుకకు మరలును. ‘మా తాతకు ఆ రెండెకరాలు ఒచ్చింది సంఘంతోనే’ అని ఒకడనును. ‘మా గాదె తోడి పంచిందీ ఆ సంఘపోళ్లే’ అని రచ్చబండ ఆవలి యంచునుండి మరియొకడు అందుకొనును. ఇరువురును నిజమే చెప్పుచున్నారు. ఇరువురును పోటీలో నున్న మనుష్యుని గూర్చి కాక, అతడు పుట్టకముందో పసివాడై యున్నప్పుడో తమ యూర జరిగినదానిని గూర్చి తీర్పు చెప్పుచున్నారు. వామపక్ష నాయకుడు ఓటర్లను చీల్చుటకు హేతువు ఆయన గుణదోషములలో కొంతయే కలదు. పెద్దపాలు ఆ పేరు లేపెడి జ్ఞాపకములో నున్నది. ఈ మాట యెట్లు నిజమైనదో తెలియుటకు మొదటి సాధారణ యెన్నికలదాక వెనుకకు పోవలెను.

నిజాము రాజ్యమున తెలంగాణపు పల్లె గడీచుట్టును తిరుగుచుండెను. దొర యింట శుభమైనను అశుభమైనను ఊరిలోని ప్రతి కులమునకు నొక వెట్టి యేర్పడియుండెను. చాకలి బట్టలుతుకుటయే గాక రాత్రులు దివిటీ పట్టవలెను, కుమ్మరి కుండలీయవలెను, మాదిగ చెప్పులు కుట్టి మోట తోలు సిద్ధపరుపవలెను, దేశముఖు బండి కదలినపుడు దానిముందు పరుగెత్తుటకు మనుష్యులు కావలెను. వానకాలమున తిండిగింజలకు దొరయొద్ద నాగు తెచ్చుకొన్నవాడు పంటనాటికి పుట్టికి పుట్టిన్నర కొలువవలెను. యుద్ధకాలమున సర్కారు లెవీ ధాన్యము దీనికి తోడయ్యెను. పెద్దరైతు లెవీ పటేల్ పట్వారీల దయవలన తగ్గి, చిన్నరైతు లెవీ వారి దయ లేమివలన పెరిగెను. భూమి దున్నువానికి పట్టా లేదు; పట్టా గలవానికి భూమి యెక్కడనున్నదో యెన్నడును చూడనక్కర లేదు.

ఈ స్థితిపై మొదటి మాటలు వినయముగానే పుట్టినవి. 1930వ సంవత్సరమున మెదకు జిల్లా జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను ప్రథమాంధ్రమహాసభ జరిగినపుడు గ్రంథాలయములు, తెలుగు పాఠశాలలు, సంస్కారములు, వినతిపత్రములు మాత్రమే చర్చకు వచ్చినవి. పదునాలుగేండ్లకు, 1944లో భువనగిరి సభనాటికి, ఆ మహాసభయే రైతుకూలీల చేతికి వచ్చి, పల్లెపల్లెను ‘సంఘము’ అను పొట్టిపేరుతో చలామణి యయ్యెను; మితవాదులు వేరుపడిరి. ఆ భువనగిరి సభకధ్యక్షుడు రావి నారాయణరెడ్డి. ఈ వ్యాసమునకు ముఖ్యపాత్ర ఆయనయే; ఏలయన, ఎన్నికలముందు ఓటర్లను చీల్చిన వామపక్ష నాయకులలో తెలుగునాట ఆయనవంటివాడు వేరొకడు లేడు.

రావి నారాయణరెడ్డి 1908లో భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో సంపన్న భూస్వామి కుటుంబమున జన్మించెను. హరిజన సేవతో ప్రజాజీవితము నారంభించి, 1938లో స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహమున పాల్గొని, మరుసటి యేటికి కమ్యూనిస్టయి, 1941లో చిలుకూరు సభకు అధ్యక్షత వహించెను. తనకు సంక్రమించిన భూమిలో ఐదువందల యెకరములు పేదలకు పంచిపెట్టెనని ప్రసిద్ధి. ఆయన విషయమై జనాభిప్రాయము చీలుటకు ఇచ్చటనే మొదటి బీజము పడినది. తన వర్గపు భూమిని తానే పంచినవానిని ఆ వర్గము పరునికంటె నెక్కువగా ద్వేషించును. పరుడు శత్రువు మాత్రమే. వీడు ఇంటిగుట్టు తెలిసిన శత్రువు. పేదవానికైనచో, గడీవంశమున పుట్టినవాడు చాపపై తనతో కూర్చుండి అన్నము తినుట ఏ వాగ్దానముకంటెను పెద్దమాట. ఇట్లు ఆయన నోరు తెరవకమునుపే ఆయన జీవితము రెండు విధములుగ చదువబడెను.

1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో దొర మనుష్యుల తుపాకికి దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిదప సంఘము చేతిలోని గుత్పలు చాలవని తేలెను. 1947 సెప్టెంబరు 11వ తేదీన రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ మువ్వురును సాయుధపోరాటమునకు పిలుపునిచ్చిరి. అటుపై నొక సంవత్సరములోపల నేటి సిద్దిపేట జిల్లా నేలపై రెండు ఘటనలు జరిగినవి; ఈ నాటికిని ఈ ప్రాంతపు ఓటర్ల మాటలలో వాని పేర్లు వినబడుచుండును.

మొదటిది హుస్నాబాదు సమీపమున మహ్మదాపురము గుట్టలలో జరిగెను. అనభేరి ప్రభాకరరావు కరీంనగరు ప్రాంతపు పోలంపల్లి గ్రామమున దొరల కుటుంబమునందు పుట్టి, సంఘములో చేరి, దళమును కూర్చుకొని, ఊరూర పటేల్ పట్వారీల దస్త్రములను తగులబెట్టించుచు తిరిగెను. ఆ దస్త్రములలో నున్నవి అంకెలే యైనను, ఆ యంకెలే రైతు మెడకు త్రాళ్లయి యుండెను. అవి కాలిన మంటచుట్టును నిలిచిన వారికి అట్టి వెలుతురు మరల కనబడియుండదు. 1948 మార్చి 14న ఆయనయు, సింగిరెడ్డి భూపతిరెడ్డియు, తక్కిన సహచరులును కలిసి పండ్రెండుగురు నిజాము సాయుధ బలగములతో పోరి మరణించిరి.

రెండవది భైరాన్‌పల్లి. చేర్యాలకు చేరువనున్న యీ గ్రామము నాడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోనిది. ఊరినడుమ నెత్తైన బురుజు. దానిపై రేయింబవళ్లు కావలి. వడిసెలలు, నాటుతుపాకులు పట్టిన గ్రామరక్షక దళము. రజాకార్లు మొదట వచ్చి దెబ్బతిని మరలిపోయిరి. 1948 ఆగస్టు 27న తెల్లవారకమునుపే వారు పోలీసులను, సైన్యమును, ఫిరంగిని వెంటబెట్టుకొని తిరిగివచ్చిరి. ఆ బురుజు మట్టియు రాయియు కలిపి కట్టినది. వడిసెల రాయికి, నాటుతుపాకి గుండుకు తగిన బలము దానికున్నది గాని ఫిరంగికి లేదు. బురుజు పగులగొట్టబడిన పిమ్మట మగవారిని పట్టి తెచ్చి, వరుసగా నిలిపి కాల్చిరి. తొంబదిమందికిపైగా చనిపోయిరి. పొరుగున కూటిగల్లునందును రక్తము పారెను. సరిగా పదునేడు దినములకు, సెప్టెంబరు 13న, భారతసైన్యము హైదరాబాదు సంస్థానములో ప్రవేశించెను. పదునేడు దినములు ముందుగా వచ్చియున్నచో అను మాట ఆ యూర పుట్టిన ప్రతివానికిని వారసత్వముగా సంక్రమించినది. బురుజు నేటికిని నిలిచియున్నది. స్వాతంత్ర్య సమరయోధులుగ తమను గుర్తింపుమని ఆ గ్రామస్థులు దశాబ్దములతరబడి దరఖాస్తులు పెట్టుకొనుచు వచ్చిరి.

ఇంతవరకు కథ సులభము: ఒకవైపు నిజాము, రజాకార్లు, దొరలు, మరియొకవైపు జనము. ఓటర్లు చీలుటకు ఇందులో తావు లేదు. చీలిక వచ్చినది ఆ సైన్యప్రవేశము, అనగా పోలీసుచర్య, పిదప. నిజాము లొంగిపోయెను, రజాకార్లు చెదరిరి. ఇక తుపాకి దించవలెనా, పట్టియుంచవలెనా అను సమస్య సంఘమును నిలువున చీల్చెను. పుచ్చలపల్లి సుందరయ్య మున్నగువారు, పంచిన భూములను కాపాడుటకైనను పోరాటము సాగవలె ననిరి. రావి నారాయణరెడ్డియు మరికొందరును, నిజాముతో పోరినపుడు వెంటనుండిన జనము భారతసైన్యముతో పోరునపుడు వెంటరాదనియు, వచ్చినవారు నిరర్థకముగ నలిగిపోదురనియు వాదించిరి. పార్టీలో ఆయనకు ద్రోహియను ముద్ర పడెను. ప్రభుత్వము దృష్టిలో ఆయన పోరాటమునకు పిలుపునిచ్చిన నేరస్థుడు. పోరాటము చేయుచున్నవారి దృష్టిలో పోరాటమును విడిచిన పిఱికివాడు. ఒక్క మనుష్యుడు ఒక్క కాలమున ఈ రెండు నిందలను మోయుట అరుదు.

ఈ వాదములో సిద్ధాంతముకంటె భూమియే పెద్దమాట. సంఘము మొదట ఐదువందల యెకరములకు మించిన భూమినే పంపకమునకు పెట్టెను. అది పెద్ద దొరలకు మాత్రమే తగిలిన దెబ్బ. వందయెకరముల రైతు తనకేమియు కాదని సంఘమునకు చందాయిచ్చి, దళమునకు అన్నము పెట్టి, కొమారుని కూడ పంపెను. పిదప పరిమితి రెండువందలకును, ఆపైని నూరెకరముల ఖుష్కికి పదియెకరముల తరికిని దిగెను. అప్పుడు నిన్న అన్నము పెట్టినవాడే నేడు తన పొలముగట్టున నిలిచి లెక్కించుకొనవలసి వచ్చెను. న్యాయదృష్టితో చూచినచో దిగిన పరిమితియే సమమైనది కావచ్చును. కాని ఏ యెకరముకడ పరిమితి నిలిచినదో ఆ యెకరముకడనే ఊరును చీలినది. సైన్యపు క్యాంపులు వెలసిన యూళ్లకు, గ్రామములను విడిచి పట్టణములలో తలదాచుకొన్న దొరలు గాంధీటోపీలు ధరించి తిరిగివచ్చిరి. పంచిన భూములు పెక్కుచోట్ల మరల లాగికొనబడెను. 1949లో జాగీర్ల రద్దును, 1950లో కౌలుదారీ చట్టమును, 1951 ఏప్రిలులో పోచంపల్లియందు వినోబాభావే భూదానమును, ఒకదాని వెనుక నొకటి వచ్చినవి. ఇవి యన్నియు సంఘము వేసిన ప్రశ్నకే వేరువేరు జవాబులు. చివరకు 1951 అక్టోబరు 21న పోరాటము విరమింపబడెను. పార్టీ లెక్కల ప్రకారము అప్పటికి 3,000 గ్రామములు కదలి, 10 లక్షల యెకరములు పంచబడి, 4,000 మంది ప్రాణములర్పించియుండిరి.

తుపాకి దించిన కొలదికాలమునకే, 1952 నాటి మొదటి సాధారణ యెన్నికలతో, ఓటు వచ్చెను. హైదరాబాదు రాష్ట్రమున కమ్యూనిస్టు పార్టీపై నిషేధము తొలగలేదు గనుక వారు ప్రజాస్వామ్య సంఘటనయను పేర, జనుల నోట పి.డి.ఎఫ్. అను పేర, పోటీకి దిగిరి. ఆనాటి పోలింగు విధానము నేటివారికి తెలియదు. ఓటుచీటిపై ముద్ర వేయుట లేదు. తెరచాటున ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దానిపై వాని గుర్తు అతికింపబడి యుండును. ఓటరు తన చీటిని తాను కోరిన పెట్టెలో వేసి బయటికి రావలెను. ఎడమచేతి చూపుడువ్రేలికి సిరాచుక్క బెట్టించుకొని, తన జీవితములో మొదటిసారి పటేలును గాని పట్వారీని గాని వెంటబెట్టుకొనకుండ ఒక గదిలోనికి పోయిన పాలేరు, అచ్చట వరుసగా నిలిచిన ఇనుప పెట్టెల యెదుట క్షణమాగి, కాడి మోయుచున్న జోడెద్దుల గుర్తును, సంఘపు గుర్తును మార్చిమార్చి చూచియుండును. ఆ తెర యొక్కటియే దొర చూపునకును వాని చేతికిని నడుమ నుండెను. వెట్టి చేసిన చేయి రహస్యముగ చేసిన మొదటి పని అదియే.

ఫలితములు దేశమును నివ్వెరపరచినవి. నల్లగొండ ద్విసభ్య లోకసభ స్థానమునందు రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చినవి. అలహాబాదు ప్రాంతమునుండి, అదియు ద్విసభ్య స్థానమే, నిలిచిన జవహర్‌లాల్ నెహ్రూకు వచ్చినవి 2,33,571. దేశమందంతటను అందరికంటె నెక్కువ ఓట్లు పొందినవాడు, నిషేధింపబడిన పార్టీవాడు. వరంగల్లున పెండ్యాల రాఘవరావు, కరీంనగరున బద్దం ఎల్లారెడ్డి గెలిచిరి. సిద్దిపేట తాలూకా నాడు భాగమైన మెదకు జిల్లాలో సరోజినీనాయుడుగారి కుమారుడు, వైద్యుడు, పి.డి.ఎఫ్. అధ్యక్షుడు డాక్టరు జయసూర్య లోకసభకు ఎన్నికయ్యెను. సిద్దిపేట శాసనసభ స్థానమును పి.డి.ఎఫ్. పక్షమున ఎడ్ల గురువారెడ్డి గెలుచుకొనెను. తరువాతి కాలమున కాంగ్రెసు, తెలుగుదేశము, తెలంగాణ రాష్ట్ర సమితుల కోటగా ప్రసిద్ధికెక్కిన సిద్దిపేటకు మొదటి శాసనసభ్యుడు సంఘమువాడేయను సంగతి నేటి ఓటరులలో పలువురకు తెలియదు.

అయినను ఈ గెలుపు ఏకాభిప్రాయమని భ్రమపడరాదు. 175 స్థానముల శాసనసభలో పి.డి.ఎఫ్.కు 42 మాత్రమే దక్కెను. 93 స్థానములతో కాంగ్రెసు గద్దెనెక్కి బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి యయ్యెను. సంఘమునకు వ్యతిరేకముగ ఓటు వేసినవారందరును దొరలు కారు, దొరల మనుష్యులును కారు. దళమునకు ఆశ్రయమిచ్చినందుకు సైన్యముచేతను, ఇయ్యనందుకు దళముచేతను దెబ్బలు తిన్నవాడు ఒకడు. వేగులవాడన్న అనుమానముమీద అన్నను పోగొట్టుకొన్నవాడు మరియొకడు. ఇచ్చిన భూమిని నిలుపలేనివారు ఆశపెట్టనేల యని కసి పట్టినవాడు వేరొకడు. పట్టణములలో న్యాయవాదులు, ఉపాధ్యాయులు, ఖద్దరు ధరించి చెరసాలకు పోయివచ్చినవారు, నిజామును ఎదిరించుటలో తాము ఎవరికిని తీసిపోమని భావించినవారు, కమ్యూనిస్టుల తుపాకిని మనసార నిరసించిరి. వరంగల్లున పెండ్యాల రాఘవరావు చేతిలో ఓడినవాడెవరు? కాళోజీ నారాయణరావు. నిజాము చెఱను చూచిన కవి, పేదవాని గొడవ తన గొడవగా చేసికొన్నవాడు. కావున నాటి చీలిక నిజాము మిత్రులకును శత్రువులకును నడుమ వచ్చినది కాదు. నిజాముతో పోరినవారి నడుమనే, ఎట్లు పోరవలెను, ఎవరికొరకు పోరవలెను, ఎచ్చట ఆగవలెను అను ప్రశ్నలమీద వచ్చినది. ఇట్టి చీలిక శత్రుత్వముకంటె లోతుగా దిగి, కుటుంబములలోనికి పోవును.

రావి నారాయణరెడ్డికి పడిన ఓట్లలో ఒక విచిత్రము గమనింపదగినది. పోరాటమును విరమింపవలెనని వాదించి స్వపక్షమువారి నింద మోసినవాడే, పోరాటము పేర దేశమునకెల్ల మిన్నగా ఓట్లు గాంచెను. పార్టీ లోపలి తగవు పల్లెకు తెలియదనుట పొరపాటు; పల్లెకు అది తెలిసియే అక్కరలేకపోయెను. కాలిన దస్త్రములు, ఆగిన వెట్టి, కొన్నాళ్లైనను దున్నిన పొలము, వీనికి ఒక పేరు కావలసివచ్చినది. ఆ పేరు ఆయనది. వ్యతిరేకులకును అట్లే, పోయిన ధాన్యమునకు, వచ్చిన సైన్యమునకు, పడిన శవములకు ఒక పేరు కావలెను, అదియు ఆయనదే. అహింసాపరుడో హింసావాదియో, మితవాదియో అతివాదియో యని పండితులు తర్కించుచుండగా ఓటరులు ఆయనను తమ యూరి ఖాతాలో జమయో ఖర్చో వ్రాసికొనిరి.

ఈ స్థితి తెలంగాణమునకే పరిమితము కాదు. 1955లో ఆంధ్రరాష్ట్ర యెన్నికలలో కమ్యూనిస్టులు గద్దెనెక్కుదురని ఆశించినవారును భయపడినవారును సమానముగ నుండిరి. తీరా చూడగా 196 స్థానములలో 15 మాత్రమే లభించెను. 1957లో కేరళమున ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాదు ప్రభుత్వము వచ్చి, భూసంస్కరణను, విద్యాబిల్లును చేపట్టినంతనే ఆ రాష్ట్రము రెండుగా చీలి, రెండేండ్లలో ప్రభుత్వమే రద్దయ్యెను. ఆయన సౌమ్యుడు, పండితుడు. ఆయనను చూచి ఎవరును భయపడలేదు. భయపడినది ఆయన బిల్లు పొలముగట్టుదాక వచ్చునని. ఎక్కడ చూచినను సూత్రమొక్కటియే: సభలో చేసిన ఉపన్యాసమునకు చప్పట్లు కొట్టినవాడే, ఆ ఉపన్యాసము తన సర్వే నంబరును తాకినపుడు వేరు పెట్టెను వెదకుకొనును.

1957లో తెలంగాణమున పి.డి.ఎఫ్. బలము 22 స్థానములకు తగ్గెను. 1962లో రావి నారాయణరెడ్డి నల్లగొండనుండి మరల లోకసభకు వెళ్లినను, 1964లో పార్టీయే రెండయ్యెను. ఆపైని మరియొక చీలిక, ఈసారి ప్రాంతముమీద, వచ్చిపడెను. విశాలాంధ్రకై పాటుపడిన కమ్యూనిస్టులు 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమమున యువకుల కెదురు నిలువవలసి వచ్చెను. గడీనెదిరించిన తాతల మనుమలే ఎఱ్ఱజెండాను తమ యుద్యోగములకు అడ్డుగా భావించిరి. 1970లో సిద్దిపేట ఉపయెన్నికయందు తెలంగాణ ప్రజాసమితి పక్షమున అనంతుల మదన్‌మోహన్ గెలుపొందుట ఆ మార్పునకు గుర్తు. 2001లో ఇదే సిద్దిపేట శాసనసభ్యత్వమునకు రాజీనామా చేసి, తెలంగాణ రాష్ట్ర సమితిని (తెరాసను) స్థాపించి, కె. చంద్రశేఖరరావు ఉపయెన్నికలో మరల గెలిచెను. ‘భూమి యెవరిది’ అను ప్రశ్న వెనుకబడి, ‘రాష్ట్రమెవరిది’ అను ప్రశ్న ముందుకు వచ్చినది. ఓటర్లను చీల్చు పని చేతులు మారినది.

హుస్నాబాదు వైపు మాత్రము పాతప్రశ్న చాలకాలము బ్రదికియుండెను. ఆ ప్రాంతము చేరిన ఇందుర్తి నియోజకవర్గమునుండి సి.పి.ఐ. నాయకుడు దేశిని చినమల్లయ్య 1978, 1985, 1989, 1994 సంవత్సరములలో నాలుగు పర్యాయములు శాసనసభకు ఎన్నికయ్యెను. అదే కాలమున, 1980లో పుట్టిన పీపుల్స్‌వార్ దళములు ఆ గ్రామములలోనే తిరుగుచు, గోడలపై ఎన్నికల బహిష్కారము నినాదములు వ్రాయుచుండెను. హుస్నాబాదున నిలిచిన ఎత్తైన అమరుల స్తూపము అచ్చటి వారి పలుకుబడికి సాక్షి. అదియు పిదప కూల్చివేయబడెను. ఇచ్చట చీలిక వింతరూపము దాల్చెను. ఎఱ్ఱజెండాకు ఓటు వేయువాడొకడు, ఎఱ్ఱజెండా పేరనే ఓటు వేయవలదనువాడొకడు. అనభేరి తమవాడని ఇరుపక్షములును చెప్పుకొనిరి. ఓటు వేయుట విప్లవద్రోహమన్న మాట గోడమీద చదివియు, పింఛనునకు, బోరుబావికి, పోలీసులు పట్టుకొనిపోయిన కొడుకును విడిపించుటకు ఎమ్మెల్యే కావలెనని పోలింగునకు నడచిపోయిన వృద్ధుని సందిగ్ధమును ఏ సిద్ధాంతగ్రంథమును విచారింపలేదు. 2004లో కాంగ్రెసు, తెరాసలతో పొత్తులో చాడ వెంకటరెడ్డి ఇందుర్తిలో గెలిచెను. 2018లో పార్టీ రాష్ట్ర కార్యదర్శిగా నుండి, కూటమి అభ్యర్థిగా హుస్నాబాదున నిలిచి ఓడెను. అప్పటికి చర్చయంతయు పొత్తులనుగూర్చియే. ఆయనను చూచి భయపడినవారు లేరు, ఆయనకొరకు ప్రాణమిత్తుమన్నవారును తక్కువ.

ఇందుండి తేలునది, చీల్చు శక్తి తగ్గినకొలది గౌరవము పెరుగుననియే. రావి నారాయణరెడ్డి 1991 సెప్టెంబరు 7న కన్నుమూసిన పిదప, 1992లో కేంద్రప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ పురస్కారమును ప్రకటించెను. ఒకనాడు ఆయన పార్టీని నిషేధించిన రాజ్యమే ఆయనను సత్కరించెను. నేడు భైరాన్‌పల్లి అమరులకు అన్ని పార్టీలవారును పూలమాలలు వేయుదురు. నిజాము లొంగిపోయిన సెప్టెంబరు 17ను ఏమని పిలువవలె ననుటలో తగవులాడుకొన్నను, ఆ యూరికి పోవుటలో తగవు లేదు. అందరును మెచ్చిన నాయకునికి ఓట్లు కొందరే వేయుట ఆశ్చర్యము కాదు. మెచ్చుకోలు గతమునకు చెల్లించు సుంకము, ఓటు భవిష్యత్తునుండి రాబట్టుకొను బాకీ.

అట్లని ఆ పాతప్రశ్న చచ్చినదా? సిద్దిపేట జిల్లాలోనే కొమురవెల్లి మల్లన్న పేర యాబది టి.ఎం.సి.ల జలాశయము కట్టబడి 2022లో ప్రారంభమయ్యెను. వేములఘాటు, ఏటిగడ్డ కిష్టాపురము వంటి యూళ్లు దానిలో మునిగిపోయినవి. హుస్నాబాదు వైపు గౌరవెల్లి జలాశయమునకై భూమి పోగొట్టుకొన్న గూడాటిపల్లివారు పరిహారమునకై వీథికెక్కిరి. నీరు పొందినవాడును భూమి యిచ్చినవాడును ఒకే నియోజకవర్గములో, ఒకే బూతులో ఓటు వేయుచున్నారు. ఒకని పొలమున రెండుపంటలు పండుటకు మరియొకని ఊరే మాయమైనదను నిజమును ఎన్నికల సభలో బిగ్గరగా పలికిన నాయకుడు, ఏ జెండావాడైనను, ఎంత సౌమ్యుడైనను, ఈ సీమ ఓటర్లను మరల రెండుగా చీల్చును. 1952లో జరిగినది అదియే. నాయకుడు ఓటర్లను చీల్చుచున్నాడని నిందించుటకు ముందు, వారు అంతకుమునుపే దేనిపై చీలియుండిరో విచారించుట మేలు. చీల్చుటయే తన ఘనతయని మురియు నాయకుడును, ఆ చీలికకు తాను కర్త కాడనియు, దానికి పలుకు నిచ్చినవాడు మాత్రమేననియు తెలిసికొనుట మేలు. ఎవరిని చీల్చక అందరి నమస్కారములందుకొను వామపక్ష నాయకుడు కనబడినచో, అతడు మంచివాడే కావచ్చును. కాని భూమిని గూర్చిన ప్రశ్నను అతడింకను అడుగలేదని ఓటరు గ్రహింపవచ్చును.